ఖర్చు పుస్తకంలో నాలుగో గడి

(గుంటూరు బ్రాడీపేటలో వేసవి సెలవులకు ముందు జరిగిన కాలనీ సమావేశంలో, పదవీ విరమణ చేసిన ఒక లెక్కల ఉపాధ్యాయిని చేసిన ప్రసంగానికి పాఠం)

సభకు నమస్కారం. ఎండ తగ్గాక వస్తామన్నవాళ్లందరూ వచ్చేశారు కాబట్టి మొదలుపెడుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న నన్ను, సెలవు ప్రయాణాల ఖర్చు గురించి మాట్లాడమని మన సంఘంవారు అడిగారు. నాకంటే ఎక్కువ ఊళ్లు చూసినవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. నాకున్న అర్హతల్లా ఏ ఊరు వెళ్లినా పైసాతో సహా పద్దు రాయడం, రాసిన పుస్తకాన్ని పాత కాగితాలవాడికి వేయకపోవడం. అవిగో, బల్ల మీద ఉన్న తొమ్మిది లాంగ్ నోటు పుస్తకాలూ అవే.

అందరూ తేదీ, వివరం, మొత్తం అని మూడు గళ్లు గీస్తారు. నేను నాలుగోది కూడా గీశాను. అది గంట. ఏ ఖర్చు ఎన్ని గంటలకు పెట్టామో అందులో రాసేదాన్ని. మావారు అది చూసి, పరీక్ష హాల్లో గంటలు కొట్టించే అలవాటు నాకింకా పోలేదని నవ్వేవారు. ఆ గడి ఎందుకు పనికొచ్చిందో రిటైరయ్యాక తీరిగ్గా పుస్తకాలన్నీ తిరగేసినప్పుడు తెలిసింది. పెట్టకపోయినా గడిచిపోయేదే అనిపించిన ప్రతి ఖర్చు పక్కనా ఎర్ర సిరాతో ఒక చుక్క పెడుతూ పోయాను. ఆ చుక్కలు రోజంతా సమానంగా పడలేదు. రైలు దిగిన తరువాతి రెండు గంటల్లోనూ, భోజనం వేళ దాటిపోయాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యనూ గుంపులుగా పడ్డాయి. బేరమాడడం మా ఇంటిల్లిపాదికీ బాగానే వచ్చు. అయినా ఆకలితో, నిద్ర చాలక, దారి తెలియక నిలబడి ఉన్న వేళల్లో ఆ విద్య మాకు అక్కరకు రాలేదు. కాబట్టి ఆ వేళల్లో తీసుకోవలసిన నిర్ణయాలను ఇంట్లో, కడుపు నిండి ఫ్యాను కింద కూర్చున్నప్పుడే తీసుకుని ఉంచుకోవాలన్నది నేను నేర్చుకున్న పద్ధతి. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా దాని వివరమే.

ముందుగా ఒక పేజీ చదువుతాను. 2018 డిసెంబరు, మైసూరు. ‘ఉదయం 6.10, ఆటో, 300. ఉదయం 6.45, గది, 2,800. ఉదయం 7.30, కాఫీలు, టిఫిన్లు, 640.’ వరసగా మూడు ఎర్ర చుక్కలు. బెంగళూరులో బండి మారి, తెల్లవారుజామున చలిలో, పిల్లలతోనూ మా అత్తగారితోనూ దిగాం. ఆటో అబ్బాయి తనకు తెలిసిన హోటలుకు తీసుకుపోయాడు. ఆ హోటలు స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉందని సాయంత్రం షికారుకు బయలుదేరినప్పుడు గాని తెలియలేదు. అంతకన్నా పెద్ద దెబ్బ గది దగ్గర తగిలింది. వాళ్లకు రోజు అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పన్నెండు వరకు. మేము పొద్దున్నే గదిలో దిగినందువల్ల ఆ మధ్యాహ్నం పన్నెండింటికే ఒక రోజు అద్దె పూర్తయిపోయింది. ఐదు గంటల కోసం 2,800 రూపాయలు.

ఇది ఎలా తప్పించుకోవాలో చెబుతాను. గది కుదుర్చుకునేటప్పుడు అద్దెకంటే ముందు అడగవలసింది, అది ఇరవై నాలుగు గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండు లెక్కా అని. పన్నెండు లెక్క అయితే, తెల్లవారి దిగే బండికి రైల్వే విశ్రాంతి గది మేలు. పెద్ద స్టేషన్లలో వీటిని ఖరారైన టికెట్టు పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే తీసుకోవచ్చు. కొన్నిచోట్ల డార్మిటరీ మంచాలు కూడా ఉంటాయి. అవీ దొరక్కపోతే నిరీక్షణ గదిలో స్నానం ముగించుకుని, సామాను క్లోక్ రూములో పెట్టి, ఊరు చూసి, మధ్యాహ్నం గదిలో దిగవచ్చు. క్లోక్ రూములో తాళం వేయని సంచి తీసుకోరు. అందుకని నా చేతిసంచిలో ఎప్పుడూ మూడు చిన్న తాళంకప్పలు ఉంటాయి. వాటి ఖరీదు 2019లో 150 రూపాయలు, అదీ పుస్తకంలో ఉంది.

అదే పేజీలో సాయంత్రం ఏడు గంటల దగ్గర ‘ప్యాలెస్ దీపాలు, 0’ అని రాసుకున్నాను. మైసూరు రాజభవనానికి ఆదివారాలూ ప్రభుత్వ సెలవు రోజుల్లోనూ సాయంత్రం దీపాలు వెలిగిస్తారు, ఆవరణలోకి వెళ్లి చూడడానికి టికెట్టు లేదు. ఆ ప్రయాణంలో మా పిల్లలు ఇప్పటికీ తలుచుకునేది ఆ సున్నా ఖర్చునే.

ఇక తేదీల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ కలిపినా ఇందులో మిగిలినంత మిగలదు. బడులకు సెలవులిచ్చే ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు మన రాష్ట్రమంతా ఒకేసారి ఊటీకి, మున్నారుకు, అరకుకు బయలుదేరుతుంది. చదువుకునే పిల్లలున్నవాళ్లకు అది తప్పదు. మనవలు కూడా వెంట రాని మాలాంటి రిటైరైనవాళ్లు మే నెలలోనే ఎందుకు బయలుదేరాలో నాకు అర్థం కాదు. పైగా మనకు పంచాంగం అనే మంచి సాధనం ఉంది. ముహూర్తాలు దండిగా ఉన్న వారంలో బెర్తులు దొరకవు, గదులు దొరకవు, కార్లు దొరకవు. ఆషాఢంలోనూ మూఢంలోనూ పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అన్నీ దొరుకుతాయి. గత ఆరేళ్లుగా నా దూర ప్రయాణాలన్నీ పంచాంగం చూసే పెట్టుకుంటున్నాను, ముహూర్తాలు లేని రోజుల కోసం. మూఢంలో ప్రయాణమేమిటని మా తోడికోడలు నొచ్చుకుంది; అడ్వాన్సు లేకుండా సగం అద్దెకు గది దొరికిందని చెప్పాక ఆవిడ కూడా వచ్చింది. (నవ్వులు) ఆషాఢమంటే కేరళలో వానాకాలం. తడవడానికి సిద్ధపడినవాళ్లకు అక్కడ జూలైలో దొరికే ధర డిసెంబరులో దొరకదు. అదేవిధంగా పంచారామాలకు కార్తీక సోమవారాల్లో ప్రత్యేక బస్సులు వేస్తారు, పుణ్యం మాట ఎలా ఉన్నా అమరావతి నుంచి సామర్లకోట దాకా క్యూలోనే ఒక రోజు గడిచిపోతుంది. మాఘమాసంలో అవే ఐదు గుళ్లూ ప్రశాంతంగా చూశాం.

తేదీ నిర్ణయించాక రైలు టికెట్టు. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. ప్రయాణం రోజును వదిలి లెక్కపెట్టాలి. జూలై 10న ఎక్కాలంటే మే 11 ఉదయం ఎనిమిది గంటలకు తెరుస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 60 రోజుల లెక్క బండి బయలుదేరే స్టేషను తేదీని బట్టి ఉంటుంది, మనం ఎక్కే తేదీని బట్టి కాదు. ఢిల్లీలో నిన్న బయలుదేరిన బండి విజయవాడకు ఈరోజు వస్తుంది కాబట్టి, దానికి మన వైపునుంచి చూస్తే ఒక రోజు ముందే టికెట్లు తెరుస్తారు. ఇది తెలియక ఎనిమిదింటికి లేచి కూర్చుని, వెయిటింగ్ లిస్టు చూసి నిరాశపడినవాళ్లలో నేనూ ఉన్నాను. తత్కాల్ మీద ఆశ పెట్టుకోవడం నాకు నచ్చదు. ఏసీకి ముందురోజు పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తెరుస్తారు. 2025 జూలై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా లేకపోతే ఆన్‌లైనులో ఇవ్వరు. అది కూడా దొరక్కపోతే పండగపూట ప్రైవేటు బస్సువాడు అడిగినంత ఇచ్చి వెళ్లవలసి వస్తుంది, ఆ అడిగినంత ఎంతో సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే మన పిల్లలను అడగండి.

పిల్లల టికెట్టు విషయంలో చాలా ఇళ్లలో పాత లెక్కే నడుస్తోంది. ఐదేళ్లు నిండనివారికి టికెట్టు అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి బెర్తు వద్దనుకుంటేనే సగం ధర. బెర్తు కావాలంటే పూర్తి ధర. 2016 నుంచి ఇదే పద్ధతి. రాత్రి బండిలో ఎనిమిదేళ్ల పిల్లాడిని పక్కలో వేసుకుని పొదుపు చేద్దామనుకుంటే మర్నాడు ఇద్దరికీ నిద్ర ఉండదు, నా నాలుగో గడిలో ఆ మర్నాడు మళ్లీ చుక్కలు పడతాయి.

పెద్దవాళ్ల రాయితీ గురించి ప్రతి సభలోనూ అడుగుతారు. అరవై దాటిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు 50 శాతం రైల్వేవారు ఇచ్చిన రాయితీ 2020 మార్చి 20న ఆగింది, మళ్లీ రాలేదు. కింది బెర్తు కోటా మాత్రం ఉంది, దానికి అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. మన ఆర్టీసీలో అరవై దాటినవారికి 25 శాతం రాయితీ ఉంది, వయసు తెలిపే కార్డు చేతిలో ఉండాలి.

ఎవరూ వాడుకోని సౌకర్యం ఒకటి చెబుతాను. దూరం పెరిగేకొద్దీ రైల్వే ఛార్జీలో కిలోమీటరుకు పడే రేటు తగ్గుతుంది. కాబట్టి మూడు ఊళ్లకు మూడు ముక్కల టికెట్లు కొనేకంటే మొత్తం దూరానికి ఒకే టికెట్టు చవక. 500 కిలోమీటర్లు దాటిన టికెట్టు మీద దారిలో ఒకచోట, 1,000 దాటితే రెండుచోట్ల దిగి, రెండేసి రోజులు ఉండవచ్చు; మొదటి మజిలీ 500 కిలోమీటర్లు ప్రయాణించాకే. నాలుగైదు ఊళ్లు చుట్టి మళ్లీ బయలుదేరిన స్టేషనుకే వచ్చేవాళ్లకు వలయ ప్రయాణ టికెట్టు కూడా ఉంది, ఎనిమిది మజిలీల వరకు అనుమతిస్తారు. దీనికి సెల్‌ఫోను పనికిరాదు. స్టేషనుకు వెళ్లి, ఊళ్ల వరస కాగితం మీద రాసి ఇచ్చి, కమర్షియల్ విభాగంవారితో మాట్లాడుకోవాలి. ఒక్కో బండిలో బెర్తు వేరేగా రిజర్వు చేయించుకోవాలి. కౌంటరులో ఉన్న అబ్బాయికే ఈ సంగతి తెలియకపోవచ్చు, ఓపిగ్గా రెండోసారి అడగండి.

విమానం సంగతి క్లుప్తంగా. శంషాబాదు నుంచి గోవాకు టికెట్టు గన్నవరంకంటే చవగ్గా ఉందని మా అబ్బాయి సంతోషంగా ఫోను చేశాడు. గుంటూరు నుంచి హైదరాబాదు బస్సు, అక్కడి నుంచి విమానాశ్రయం, దారి తిండి, తిరుగు ప్రయాణంలో రాత్రి దిగితే గది, ఇవన్నీ కలిపి కాగితం మీద వేయించాను, తేడా రివర్సయింది. దేశీయ విమానాల్లో మామూలుగా 15 కిలోల సామాను, చేతిసంచికి 7 కిలోలు అనుమతిస్తారు. ఆ పైన కిలోకు ఇంత అని వసూలు చేస్తారు. బెంగళూరులో ఉన్న కోడలికి ఐదు కిలోల ఆవకాయ జాడీ పట్టుకెళ్లిన మా పక్కింటి వదినగారికి ఆ పచ్చడి జీడిపప్పు ధర పలికింది.

సొంత కారులో వెళ్లేవాళ్లకు ఒక మాట. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. మొదలుపెట్టినప్పుడు ధర 3,000 రూపాయలు. ఏడాది గాని, 200 సార్లు టోల్ గేటు దాటడం గాని, ఏది ముందైతే అంతవరకు. అంటే ఆ ధరకు గేటుకు 15 రూపాయలు పడింది. మనం విజయవాడ వెళ్లే దారిలో కాజా గేటు, అక్కడి నుంచి హైదరాబాదు దారిలో చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి ఉన్నాయి. నెలకోసారి హైదరాబాదు వెళ్లి వచ్చేవాళ్లకు ఇందులో మిగులు ఎంతో ఇక్కడే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయితే ఇది జాతీయ రహదారులకే గాని రాష్ట్ర రహదారుల గేట్లకు చెల్లదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే బయటికి తీసేవాళ్లకు పాసు దండగ.

ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచే స్త్రీశక్తి పథకం కింద మన రాష్ట్రంలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. సూపర్ లగ్జరీలో చెల్లదు, రాష్ట్రం దాటే సర్వీసుల్లో చెల్లదు. దీన్ని ఊరికి పోవడానికీ ఆసుపత్రికి పోవడానికే గాని సెలవుకు వాడుకోవచ్చని చాలామందికి తోచదు. మేము నలుగురం, నలుగురమూ పాత టీచర్లమే, మొన్న నవంబరులో ఎన్టీఆర్ బస్టాండులో ఎక్కి బాపట్ల వెళ్లాం. కండక్టరు ఇచ్చిన సున్నా టికెట్లు నాలుగూ పుస్తకంలో అంటించాను. బాపట్ల నుంచి సూర్యలంక బీచికి తొమ్మిది కిలోమీటర్లు, ఆ ముక్కకు మాత్రం ఆటో మాట్లాడుకున్నాం. సముద్రం ఒడ్డున దుప్పటి పరుచుకుని పులిహోర తిని, పొద్దు వాలేదాకా కూర్చుని వచ్చాం. ఆ రోజుకు తలా ఒక్కింటికి 140 రూపాయలు పడింది.

పులిహోర మాట వచ్చింది కాబట్టి తిండి గురించి. వెనకటివాళ్లు సద్ది కట్టుకోకుండా గడప దాటేవాళ్లు కాదు. మధ్యాహ్నం రెండు దాటాక పడిన ఎర్ర చుక్కలన్నీ సద్ది లేని రోజులవే. మొదటి రోజుకు పులిహోర. రెండో రోజుకు మెంతికూర చపాతీలు. తరువాతి రోజులకు కందిపొడి, నువ్వులపొడి, చిన్న సీసాలో నెయ్యి. వేడి అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, మన నోటికి పట్టే కూర దొరకదు. పొడి ఉంటే అన్నం, పెరుగు కొనుక్కుంటే సరిపోతుంది. వందే భారత్ వంటి బండ్లలో టికెట్టు తీసుకునేటప్పుడే భోజనం వద్దని ఎంచుకుంటే ఆ మేరకు ఛార్జీ తగ్గుతుంది. స్టేషన్లలో రైల్ నీర్ లీటరు సీసా ధర 2025 సెప్టెంబరు 22 నుంచి 14 రూపాయలు. ఇరవై ఇస్తే చిల్లర లేదనేవాడి దగ్గర కొనకండి. అయితే ఒక హద్దు చెబుతాను. వెళ్లిన ఊళ్లో కనీసం రోజుకు ఒక పూట ఆ ఊరి తిండి తినాలి. మైసూరు వెళ్లి కందిపొడి అన్నంతో తిరిగి వచ్చేట్టయితే ఆ రైలు ఛార్జీ కూడా దండగే.

ఊరు చూడడంలో ఎక్కడ మిగులుతుందంటే, ఆ ఊరివాళ్లు వాడుకునే వాహనాన్ని మనమూ వాడుకున్నప్పుడు. ఆలప్పుళలో హౌస్‌బోటుకు రాత్రికి వేలల్లో అడుగుతారు. ఆ నీళ్ల మీదే కేరళ ప్రభుత్వ జల రవాణా శాఖ పడవలు నెడుముడి వైపు, కొట్టాయం వైపు తిరుగుతుంటాయి. బడిపిల్లలు, కూరగాయల బుట్టలు, సైకిళ్లు అన్నీ అందులోనే. మా ఇద్దరికీ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. అవే కొబ్బరితోటలు, అవే వరిచేలు, నీటి అంచున గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్లు. ఒక పాప ప్రతి రేవులోనూ తాడు విసిరే మనిషిని చూసి చప్పట్లు కొట్టింది. హౌస్‌బోటులో నిద్రపోవాలన్న కోరిక ఉన్నవాళ్లు తప్పక తీర్చుకోండి, నేను వద్దనను. విశాఖ నుంచి అరకుకు కారు మాట్లాడుకునేముందు పొద్దున్నే బయలుదేరే కిరండూలు పాసింజరు సంగతి ఆలోచించండి. సొరంగాలు, లోయలు రైల్లోంచే బాగా కనిపిస్తాయి. కాశీలో పడవ మొత్తం మాట్లాడుకోకుండా పదిమందితో పంచుకునే పడవ ఎక్కవచ్చు. దశాశ్వమేధ ఘాట్ మెట్ల మీద కూర్చుంటే హారతికి రూపాయి ఖర్చు లేదు. బసకు మానస సరోవరం ఘాట్ దగ్గర శ్రీరామతారక ఆంధ్రాశ్రమం వంటి తెలుగువారి సత్రాలు ఉన్నాయి, ముందుగా రాసుకుని వెళ్లాలి. తిరుమల గురించి గుంటూరువాళ్లకు నేను చెప్పేదేముంది. అన్నప్రసాదం, లాకర్లు, కొండ మీద తిరిగే బస్సులు ఉచితమని మీకందరికీ తెలుసు.

సెలవు రోజులు కూడా చూసుకోండి. సారనాథ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. సాలార్‌జంగ్‌కూ శుక్రవారమే, తాజ్‌మహల్‌కూ శుక్రవారమే. మేము సారనాథ్‌కు వెళ్లింది శుక్రవారం. పోను రాను ఆటో 600, పక్కనే ఎర్ర చుక్క. పురావస్తు శాఖ కట్టడాలకు పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, అది అడిగి తీసుకోవాలి.

గది అద్దె మీద పన్ను కూడా కాస్త తగ్గింది. రోజుకు 7,500 వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. పాత 12 శాతం వేసి బిల్లిస్తే అడగండి. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు ఒక్క జాగ్రత్త: అక్కడ కార్డు గీసినప్పుడు యంత్రం ‘రూపాయల్లోనా, ఈ దేశం డబ్బులోనా’ అని అడిగితే ఆ దేశం డబ్బులోనే అనండి. రూపాయలని నొక్కితే మారకం రేటు ఆ దుకాణంవైపు బ్యాంకు నిర్ణయిస్తుంది, అది మనకు ఎప్పుడూ నష్టమే.

వెనక వరసలోంచి అన్నయ్యగారు ఏదో అడుగుతున్నారు. దేనిలో పొదుపు చేయకూడదు అని. మంచి ప్రశ్న. నా పుస్తకాల్లో మూడుచోట్ల పొదుపు చేసి బాధపడ్డాను. ఒకటి, రాత్రి పది దాటాక కొత్త ఊళ్లో దిగి చవక గది కోసం వీధులు తిరగడం; ఆ వేళకు చేరే బండి అయితే గది ముందే కట్టి ఉంచుకోండి, వంద ఎక్కువైనా సరే. రెండు, మా అత్తగారిని మెట్లెక్కించడం. డోలీకి డబ్బెందుకని ఆవిడే అన్నారు, నేను ఊరుకున్నాను. మర్నాటి నుంచి రెండు రోజులు గదిలోనే గడిచాయి, డాక్టరు 700, మందులు 460. మూడోది, 45 పైసల ప్రయాణ బీమా. ఐఆర్‌సీటీసీలో టికెట్టు తీసుకునేటప్పుడు ఆ గడి దగ్గర టిక్కు పెట్టకుండా ఎన్నోసార్లు దాటేశాను. ప్రమాదం జరిగితే పది లక్షల వరకు ఇచ్చే బీమా అది. నామినీ పేరు నింపడం మరిచిపోవద్దు.

పుస్తకాలు ఇక్కడే బల్ల మీద ఉంచుతున్నాను. చూడాలనుకున్నవాళ్లు ఇక్కడే కూర్చుని చూసి, ఉన్న వరసలోనే పెట్టండి. 2018 పుస్తకంలో నలభై రెండో పేజీకి నూనె అంటుకుని అంకెలు కనబడవు. అది మైసూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు రైల్లో ఒలికిన ఆవకాయ నూనె, ఆ పేజీలో ఏముందని అడిగితే నేను కూడా చెప్పలేను.